ఫీజులకు చట్టమే పగ్గం
(దిల్‌సుఖ్‌నగర్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ కాడ దిగి ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిస్తే కనబడేదేంది? ర్యాంకుల ఫ్లెక్సీలు, కోచింగ్ బోర్డులు, హాస్టళ్లు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఎకరమో అరెకరమో అమ్ముకొని పిల్లల్ని ఇక్కడికి పంపుతున్నం. చదువు చెప్పొద్దని మనం అంటలేం. లెక్క చెప్పమంటున్నం.

బడులకు రూలు లేకనా? 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 చూడండి. వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు, 15 శాతం వాళ్ల గ్రాట్యుటీ, పీఎఫ్, బీమాకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి పోవాలె. యాజమాన్యానికి మిగలాల్సింది 5 శాతమే. మరి పాఠం చెప్పే సారుకు, టీచరమ్మకు ఆ సగం ముడుతున్నదా?

జీవో ఒక్కటే చాలదు, గట్టి చట్టం కావాలె. చదువు పేరుమీద లాభాల వేట కూడదని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది. రాజస్థాన్ ఫీజుల చట్టం చెల్లుతుందని 2021లో చెప్పింది. తమిళనాడు 2009లోనే చట్టం చేసుకున్నది. ఆంధ్రప్రదేశ్ 2019లో కమిషన్ చట్టం తెచ్చింది.

మనకాడ? 2017లో తిరుపతిరావు కమిటీ. 2020లో కరోనా కాలపు జీవో 46. 2022లో మంత్రివర్గ ఉపసంఘం. 2025లో విద్యా కమిషన్ ముసాయిదా. 2014లో రాష్ట్రం వచ్చిననాడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల, ఆ ముసాయిదా వచ్చేనాటికి ఇంటర్‌కు చేరింది. ఆ పిల్ల తండ్రి కట్టిన ఫీజులు ఎవరు తిరిగిస్తరు?

కోచింగ్ సెంటర్ల సంగతీ అంతే. 16 ఏండ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దు, ర్యాంకు గ్యారంటీ అనొద్దు, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు 10 రోజుల్లో తిరిగియ్యాలని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మార్గదర్శకం దారి చూపుతది, తప్పు చేసినోని చెయ్యి పట్టుకోదు. చెయ్యి పట్టేది చట్టమే.

అందుకే మనం అడిగేది మూడే. ఆడిట్ లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాలె. ఫీజు ఖరారు చేసేకాడ తల్లిదండ్రులు కూర్చోవాలె. తప్పితే శిక్ష ఉండాలె. వీటన్నిటికంటే ముందు సర్కారు బడి నిలబడాలె. అది పడిపోతే ఈ దుకాణాలకు ఎదురే ఉండదు.

ఉద్యోగ మిత్రులారా, దరఖాస్తు రాసుడు మీకు తెలిసిన పనే. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలున్నది. మీ పిల్లల బడి ఇచ్చిన ఆడిట్ లెక్కలు చూపమని డీఈవో ఆఫీసుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలె. ఒక్కరు రాస్తే కాగితం, వందమంది రాస్తే ఉద్యమం. రేపటి నుంచే మొదలుపెడదాం.