కంభం చెరువున గాలముతో ఒక దినము
(పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



చెరువులలో చేపలను గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. చేపపిల్లల లెక్కలు, రుణముల వివరములు మత్స్యశాఖ ఉద్యోగులు నాకంటె బాగుగా చెప్పగలరు. నేను గాలము వేయువాడను. గాలము వేయువాడు దినమంతయు నీటినే చూచుచు కూర్చుండును గనుక, ఇతరుల కంటబడని సంగతులు కొన్ని వాని కంటబడును. కంభం చెరువున ఒక మిత్రునితో గడిపిన దినమును గూర్చి చెప్పెదను. అందులో పంచాయతీవారికి పనికివచ్చు సంగతి ఒకటి కలదు.

నల్లమల నుండి వచ్చు గుండ్లకమ్మను కొండల సందున కట్టి నిలిపిన చెరువిది. 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల కాలమున గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి. కట్ట ఎత్తు 57 అడుగులని పాత గెజిటీరులో వ్రాసినారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. కట్టించినవారిని అందరును పొగడుదురు. ఇన్ని తరములుగా తూములను, కట్టను కాచుకొన్న రైతుల పేర్లు మాత్రము ఏ శాసనమునను కానరావు.

వానలు పడి కొత్తనీరు చేరిన దినములవి. నా మిత్రుడు ఉపాధ్యాయ వృత్తి చేసి విశ్రాంతి పొందినవాడు. వేట హక్కు గల మత్స్యకారులతో చెప్పి, వారు సరేయన్న పిదప గాని గాలము చేతబట్టడు. తెల్లవారకముందే ఒడ్డు చేరితిమి. వెదురు కర్ర, సన్నని నైలాను దారము, జీలుగుబెండు, డబ్బాలో వానపాములు, ఇంతియే మా సరంజామా. వేరుసెనగ చెక్కను తవుడుతో కలిపి ముద్దచేసి, ముందుగా దానిని నీటిలో చల్లి, అరగంటసేపు ఊరకుండినాడు. “నీ నీడ నీటిమీద పడనీయకోయ్” అనుట తప్ప వేరు మాట లేదు.

మొదట పక్కెలు వచ్చినవి. పక్కె ఎరను కొరుకుచున్నపుడు బెండు వణకును. జెల్ల పట్టినపుడు ఒక్కసారిగా మునుగును. జెల్లను గాలమునుండి విడదీయుట కొత్తవాని పని కాదు. మొప్పల ప్రక్కనున్న ముల్లు గ్రుచ్చుకొన్నచో చేయి చాలసేపు మండుచుండును. మిత్రుడు తడిగుడ్డతో పట్టి నేర్పుగా తీసినాడు. పది గంటలకు బుట్ట అడుగు కప్పబడినది. పెద్ద చేప ఒక్కటియు లేదు. అయినను మాకు విసుగు లేదు.

ఎండ ముదిరిన పిదప కొరమీనుకొరకు తుంగ పెరిగిన ఒడ్డునకు పోయితిమి. అచట ఆకాశమున మబ్బు లేకున్నను నీటిపై చినుకులు పడుచున్నట్లు కదలిక కనబడినది. వంగి చూడగా, ఎర్రని చిన్న పిల్లలు వందలకొలది ఒక్క ముద్దగా తిరుగుచు, గాలి పీల్చుటకు మాటిమాటికి పైకి వచ్చుచున్నవి. వాటి క్రింద నల్లని పెద్ద చేప కాపు కాయుచున్నది. మిత్రుడు దారము చుట్టివేసినాడు. “రెండు కిలోలుండును గదా, ఏల మానితివి?” అని అడిగితిని. “అది ఆకలికొని పట్టదోయ్, పిల్లలమీదికి ఏదో వచ్చినదని కరచును. అట్టిదానిని పట్టుటకు గాలమేల, నేర్పేల?” అనెను.

సభ్యులారా, నేను చెప్పదలచిన సంగతి ఇదియే. బొచ్చె, శీలవతి, ఎర్రమోసు నిలకడ నీటి చెరువులో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వాటికి వాననాటి నదీప్రవాహము కావలెను. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి చేపల పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి ఇట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించినారు. ఆ దినమునే జాతీయ మత్స్యరైతుల దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. నేడు మన చెరువులలో వదలు పిల్లలు ఆ విద్య ఫలమే. వాటిని డబ్బిచ్చి తేవలయును. కొరమీను అట్లు కాదు. తుంగ నడుమ చోటు చేసికొని, నీటిపై తేలు గ్రుడ్లు పెట్టి, పిల్లలను తానే కాచుకొనును. బజారులో ప్రాణముతోనే అమ్ముడుపోయి బొచ్చెకంటె మంచి ధర తెచ్చును. కాపున్న చేపను పట్టినచో పోవునది ఒక్క చేప కాదు. ఆ పిల్లల ముద్ద అంతయు ఇతర చేపల పాలగును.

కొరమీను చేపపిల్లలను మ్రింగునని పెంపకందార్లు దానిని శత్రువుగా చూతురు. వారి మాట అబద్ధము కాదు. పిల్లలను పెంచు చిన్న కుంటలలో దానికి చోటీయరాదు. ఊరి చెరువు సంగతి వేరు. అచట వ్రేలెడు పొడవు పెరిగిన పిల్లలను వదలినచో నష్టము చాలవరకు తగ్గును.

73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో మత్స్యపరిశ్రమ 5వ అంశము. చేపల పాట మీ చేతిలో ఉన్న చెరువులకు షరతులు వ్రాయునది మీరే. వానకాలమున పిల్లలు గల కొరమీనును పట్టరాదనియు, దోమతెర వంటి వలలు వాడరాదనియు రెండు పంక్తులు చేర్చుటకు ఖర్చేమియు లేదు. వేసవిలో మడుగులలో పురుగుమందు కలిపి చేపలు పట్టువారిని గూర్చి కొత్త షరతు అక్కరలేదు. నీటిలో విషము కలిపి చేపలను చంపుట 1897 నాటి మత్స్య చట్టము క్రిందనే నేరము. ఆ నీటినే పశువులు త్రాగును.

కాగితముపై వ్రాసినంతనే పని ముగియదు. మత్స్యకారులను పిలిచి అడుగుడు. ఏ ఒడ్డున కొరమీను గూడు కట్టునో వారికి తెలియును. బడిలోని ప్రధానోపాధ్యాయునితోను తొలకరికి ముందే ఒక మాట చెప్పుడు. ఎర్రపిల్లలను మొదట చూచి, తువాలుతో దేవి సీసాలో పోసికొను వారు బడి పిల్లలే.