చూసినవారు, విన్నవారు, రాసినవారు: 1949 సెయింట్ లూయిస్ ఉదంతంలో సాక్ష్యం
(స్మారకోపన్యాసం)

విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రచురించిన ‘ది ఎక్సార్సిస్ట్’ నవలకు, దాని ఆధారంగా విలియం ఫ్రీడ్‌కిన్ తీయగా 1973 డిసెంబరులో విడుదలైన సినిమాకు మూలం 1949లో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం. బ్లాటీ అప్పుడు వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆగస్టు 20న ‘వాషింగ్టన్ పోస్ట్’ మొదటి పేజీలో బిల్ బ్రింక్లీ రాసిన వార్త ఆయన కంటబడింది. మేరీలాండ్ రాష్ట్రంలోని మౌంట్ రేనియర్‌కు చెందిన ఒక కుర్రవాడిని సైతాను పట్టగా, క్యాథలిక్ ఫాదర్ ఒకరు క్రతువు జరిపి విడిపించారన్నది ఆ వార్త సారాంశం. నవలలో కుర్రవాడు పన్నెండేళ్ళ అమ్మాయి అయ్యాడు. అసలు వ్యక్తి ఎవరో బయటపడకూడదని ఫాదర్లు కోరడమే ఆ మార్పుకు కారణం.

ఉదంతం ఎలా నడిచిందో చాలామందికి తెలిసిందే. కుర్రవాడిది లూథరన్ కుటుంబం, వయసు పదమూడు. ‘ఊయిజా’ పలక మీద ఆత్మలతో మాట్లాడడం నేర్పిన మేనత్త 1949 జనవరిలో సెయింట్ లూయిస్‌లో చనిపోయింది. ఆ నెలలోనే ఇంట్లో గోకుళ్ళు, నీటి చుక్కల చప్పుళ్ళు, మంచం ఊగడం మొదలయ్యాయని ఇంటివారు చెప్పారు. మార్చిలో తల్లిదండ్రులు కొడుకును సెయింట్ లూయిస్‌లోని బంధువుల ఇంటికి తీసుకుపోయారు. ఆర్చిబిషప్ జోసెఫ్ రిటర్ అనుమతితో ఫాదర్ విలియం బౌడర్న్ మార్చి 16న క్రతువు ప్రారంభించాడు. ఈస్టర్ మర్నాడు, ఏప్రిల్ 18న, అలెక్సియన్ బ్రదర్స్ ఆసుపత్రిలో అది ముగిసింది. కుర్రవాడు మామూలు మనిషయ్యాడు. ఇంతవరకు తగాదా లేదు.

స్మారకోపన్యాసం గనక స్మరణీయుల ప్రస్తావన ఉండాలి. ఈ ఉపన్యాస నిధి ఎవరి పేర వెలసిందో ఆయన సివిల్ వకీలు. ఆయన గుణగణాలను ఆహ్వానపత్రం వర్ణించింది, మళ్ళీ చెప్పనక్కరలేదు. ప్రస్తుతానికి పనికివచ్చేది ఒక్కటే. ఎదుటి పక్షం సాక్షి ‘ఊళ్ళో అనుకుంటుంటే విన్నాను’ అనగానే ఆయన కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడుచుకుంటూ కూర్చునేవారు. ఇదీ ఆయన జూనియర్లు చెప్పినదే, కోర్టు రికార్డులో లేదు. 2024 వరకు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ సూటిగా చెప్పేది: కంటికి కనబడే సంగతికి చూసినవాడే సాక్షి, చెవిన పడే సంగతికి విన్నవాడే సాక్షి. దయ్యాల ఉదంతాలకు ఈ కొలత ఎందుకు వర్తించదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తగాదా అంతా ఆ రోజుల డైరీ దగ్గర ఉంది. దాన్ని రాసినది ఫాదర్ రేమండ్ బిషప్. బిషప్ అన్నది ఆయన ఇంటిపేరే గాని పదవి కాదు. ఆయన సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జెస్యూట్. టైపు చేసిన పాతిక పైచిలుకు పేజీలు. థామస్ బి. ఆలెన్ 1993లో వెలువరించిన ‘పొసెస్డ్’ పుస్తకానికి ఆధారం అదే. ‘సత్యఘటన ఆధారంగా’ అని మొదలుపెట్టే వ్యాసాలు, తెలుగులో వచ్చినవాటితో సహా, డైరీ మొత్తాన్ని ఒకే ప్రత్యక్షసాక్షి వాఙ్మూలంగా చదువుతాయి. అలా చదవడానికి డైరీయే ఒప్పుకోదు. అందులోని సంగతులు జనవరి నడుమ మొదలవుతాయి. ఫాదర్ బిషప్ కుర్రవాడిని మొదటిసారి చూసింది మార్చి 9న. అంటే దాదాపు ఎనిమిది వారాల కథ, చప్పుళ్ళు, మంచం ఊపులు, ఒంటి మీద గీతలు, అంతా తల్లిదండ్రులు, బంధువులు చెప్పగా ఆయన రాసుకున్నదే. కుర్రవాడి ఛాతీ మీద ‘లూయిస్’ అనే అక్షరాలు తేలాయనీ, అందుకే సెయింట్ లూయిస్‌కు బయలుదేరారనీ కథకులంతా చెప్పే సన్నివేశం కూడా ఈ భాగంలోనిదే. కథను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి నడిపించిన సంఘటనను ఏ ఫాదరూ చూడలేదు.

మేరీలాండ్ రోజులకు కుటుంబం వెలుపలి ముఖ్య సాక్షి లూథర్ మైల్స్ షుల్జ్, ఆ కుటుంబం వెళ్ళే లూథరన్ చర్చి పాస్టరు. ఫిబ్రవరి 17 రాత్రి కుర్రవాడిని తన ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాడు. పిల్లవాడు కూర్చున్న బరువైన కుర్చీ ఒరిగి పడిపోవడం, నేల మీది పక్క దానంతట అదే జరగడం చూశానన్నాడు. తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయంలో అతీంద్రియ శక్తులపై పరిశోధించే జె.బి. రైన్‌కు ఉత్తరం రాశాడు. రైన్ కళ్ళారా చూసిందేమీ లేదు. కనుక ఆ రాత్రికి ఉన్నది ఒక సాక్షి, కొన్నాళ్ళ తర్వాత రాసిన ఒక ఉత్తరం. దాన్ని కొట్టిపారేయనక్కరలేదు, దానికున్న బరువు మాత్రం అంతే.

అన్నిటికన్నా గట్టి పరీక్ష లాటిన్ సంగతి. 1614 నాటి రోమన్ క్రతుగ్రంథం దయ్యం పట్టినదనడానికి మూడు గుర్తులు చెబుతుంది: నేర్చుకోని భాష మాట్లాడడం, దూరాన దాగి ఉన్న సంగతులు చెప్పడం, వయసుకు మించిన బలం చూపడం. కుర్రవాడు ఎన్నడూ చదవని లాటిన్ పలికాడని ‘పోస్ట్’ వార్త రాసింది. వార్త రాసిన బ్రింక్లీ ఆ గదిలో లేడు. గదిలో ఉన్నవాడు వాల్టర్ హలోరన్. అప్పటికింకా దీక్ష పూర్తికాని యువ జెస్యూట్, కుర్రవాడిని పట్టుకోవడానికి బౌడర్న్ తోడు తెచ్చుకున్న మనిషి. ఈ ఉదంతంపై పరిశోధించిన మార్క్ ఒప్సాస్నిక్ 1990ల చివర అడిగినప్పుడు హలోరన్ చెప్పింది వేరు: ఫాదర్లు అంటున్న లాటిన్‌నే కుర్రవాడు అనుకరిస్తున్నట్టు తోచిందన్నాడు, గొంతు మారడం వినలేదన్నాడు. నెల రోజులు రాత్రిళ్ళు అవే లాటిన్ ప్రార్థనలు చెవిలో పడ్డ పిల్లవాడికి నాలుగు మాటలు నోటికి రావడంలో వింత లేదు. అలా మొదటి గుర్తు ‘పోస్ట్’ వార్త చేతుల్లోనే మిగులుతుంది.

ఇక్కడ హేతువాద పక్షం చప్పట్లు కొడుతుంది. తొందర పనికిరాదు. ‘స్ట్రేంజ్’ పత్రికలో ఒప్సాస్నిక్ వేసిన వ్యాసం మెచ్చదగిన పనే. ఇల్లు మౌంట్ రేనియర్‌లో కాదు, కాటేజ్ సిటీలో అని తేల్చింది ఆయనే. ఫాదర్ ఆల్బర్ట్ హ్యూస్ జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో ముందుగా క్రతువు జరిపాడనీ, కుర్రవాడు మంచం స్ప్రింగు పీకి ఆయన చేయి చీల్చాడనీ చెప్పే కథకు ఆధారం దొరకలేదని చూపింది కూడా ఆయనే. కాని కుర్రవాడు మొదటినుంచీ గడుగ్గాయి, చప్పుళ్ళన్నీ వాడి చేష్టలే అని తేల్చడానికి ఆయన నమ్ముకున్నది దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఇరుగుపొరుగువారు, చిన్ననాటి నేస్తాలు చెప్పిన మాటలు. వాళ్ళలో ఎవరూ సెయింట్ లూయిస్ గదిలో లేరు. అదే హలోరన్ ఇతర సందర్భాల్లో మంచం కదలడం, ఒంటి మీద గీతలు తేలడం తాను చూశానన్నాడు. అనుకరణ అన్నప్పుడు నమ్మదగిన సాక్షి, మంచం కదిలిందన్నప్పుడు ముసలితనపు మతిమరుపు మనిషి ఎలా అవుతాడు? అది దయ్యమో కాదో తేల్చేంత నిపుణుణ్ణి కాదని హలోరన్ తానే అన్నాడు. రెండు పక్షాలూ కావాలనే మరిచిపోయే వాక్యం అదొక్కటే.

సాక్ష్యాన్ని పొరలుగా విడదీసే ఈ పద్ధతిపై సభల్లో ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. ఫాదర్లు అబద్ధమాడతారా అన్నది మొదటిది. ఆడారని ఎవరూ అనలేదు. తాను చూసినది నిస్సందేహంగా నిజమని బౌడర్న్ బ్లాటీకి రాసిన ఉత్తరంలోనే ఉంది. ప్రశ్న నిజాయితీది కాదు, ఆ క్షణాన ఎవరెక్కడ ఉన్నారన్నది. పొరలు విడదీయడమంటే మూఢనమ్మకానికి సందు ఇవ్వడమే అన్నది రెండోది. విడదీస్తే చివరికి మిగిలేది కొద్దిమంది చూసిన కొద్ది సంగతులే. వాటికి వైద్యులు గాని, మత గురువులు గాని అర్థం చెప్పుకోవచ్చు. చెప్పేముందు అవేవో లెక్క తేలాలి.

ఆ లెక్క తేల్చే పట్టిక ఇప్పుడు తెలుగులో సిద్ధమవుతోంది. ఒక్కొక్క సంగతికి ఒక వరుస; ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, చూడడానికీ రాయడానికీ నడుమ ఎన్ని రోజులు అన్నవి గడులు. మార్చి 9కి ముందున్న వరుసల్లో మొదటి గడిలో కుటుంబం వెలుపలి పేరు కనబడేది అరుదు. మార్చి 16 తర్వాత వరుసలు చిక్కబడతాయి, బౌడర్న్, బిషప్, హలోరన్ కలిసి కనిపిస్తారు. సినిమా తీసుకున్న ఘట్టాల్లో చాలావరకు పలుచటి వరుసల్లోనివే కావడం గమనించదగినది.

పట్టిక రెండో భాగం జర్మనీలోని క్లింగెన్‌బర్గ్ ఉదంతానికి సంబంధించినది. అక్కడ 1975 సెప్టెంబరు నుంచి నెలల తరబడి ఒక విద్యార్థిని మీద 67 సార్లు క్రతువు జరిగింది. 1976 జులై 1న, ఇరవైమూడేళ్ళ వయసులో, తిండి నీరు లేక ఆమె చనిపోయింది. 1978లో ఆషాఫెన్‌బర్గ్ కోర్టు తల్లిదండ్రులను, ఇద్దరు ఫాదర్లను నిర్లక్ష్యంతో ప్రాణహాని కలిగించినట్టు నిర్ధారించి, ఆరునెలల శిక్ష వేసి, అమలు నిలిపివేసింది. సెయింట్ లూయిస్‌లో లేనిది అక్కడ ఉంది: నలభైకి పైగా టేపుల్లో రికార్డయిన గొంతు. వినికిడి సాక్ష్యమన్న అభ్యంతరం ఆ గొంతు విషయంలో చెల్లదు. కోర్టు ముందు వైద్యులు, ఫాదర్లు దాన్నే విని వేరువేరు అర్థాలు చెప్పారు గనక, ఆ భాగానికి ‘ఎవరు ఏమని అర్థం చెప్పారు’ అనే అయిదో గడి చేర్చవలసి వచ్చింది.