కంచె స్తంభములు ఎంత లోతున నాటవలెను?



కంచె వేయించునప్పుడు ముళ్ళతీగ ఎన్ని వరుసలు లాగవలెను, స్తంభము ఒక్కింటికి ఖరీదెంత అని మనము బాగుగా విచారింతుము. స్తంభము భూమిలోనికి ఎంత దిగవలెనన్న సంగతి మాత్రము గుంతలు త్రవ్వు కూలీలకు వదలివేయుదుము. కంచె ఒరిగినను, పశువులు పైరులో పడినను చాలవరకు కారణము అక్కడనే ఉన్నది. అందుచేత ఈ లెక్కను మీరే స్వయముగా వేసికొనవలెను.

గేదె స్తంభమునకు ఒళ్ళు రుద్దుకొనునప్పుడు ఆ స్తంభము గడ్డపార వలె పనిచేయును. పైభాగము ఎంత పొడవుగా నుండునో, అడుగున మట్టి మీద ఒత్తిడి అంత హెచ్చును. ఆ ఒత్తిడికి ఎదురు నిలుచునది లోతు మాత్రమే. నాలుగు అడుగుల ఎత్తు కంచెకు, వదులు నేలలో, స్తంభమును ఒకటిన్నర అడుగులకు బదులు రెండు అడుగులు దింపినచో, లెక్క ప్రకారము దాని పట్టు సుమారు రెట్టింపగును. అర అడుగు తేడాయే కదా అని తీసివేయరాదు.

గుర్తుంచుకొనవలసిన సూత్రము ఇది: స్తంభము మొత్తము పొడవులో మూడవ వంతు భూమిలో ఉండవలెను. అనగా, పైన నాలుగు అడుగులు కావలెనన్న, లోపల రెండు అడుగులు. మొత్తము ఆరడుగుల రాతి కడీలు కొనవలెను. గట్టి ఎర్ర నేలలకు ఇది చాలును.

నల్లరేగడిలో ఇది చాలదు. ఆ నేల ఎండకు బీటలు వారును, వానకు ఉబ్బి మెత్తబడును. ఏటేటా ఇట్లు కదలుటచే పైమట్టి స్తంభమును పట్టి ఉంచలేదు. కనుక అక్కడ ఇంకొక అర అడుగు నుండి అడుగు వరకు లోతు చేర్చవలెను. ఇసుక నేలలలోను అంతే. వేసవిలో గట్టిగా కనిపించిన రేగడిని చూచి మోసపోవద్దు. తొలకరి వానలకే దాని గుణము బయటపడును.

మూల స్తంభములకు మరింత లోతు అవసరము. తీగల బిగువంతయు వాటి మీదనే పడును. మూడడుగులకు తగ్గక దింపి, తీగ ఏ వైపునకు లాగునో ఆ వైపుననే ఏటవాలుగా ఊతము నిలుపవలెను. మూలలో రెండు వైపుల తీగలుండును కనుక రెండు ఊతములు కావలెను. గేటు స్తంభములకును ఇదే జాగ్రత్త.

ఇక ఖర్చు సంగతి చూతము. నలుచదరమైన ఒక ఎకరము చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పదేసి అడుగులకు ఒకటి చొప్పున 84 స్తంభములు పట్టును. ఒక్కొక్క దానికి అర అడుగు తగ్గించినచో మిగులునది 42 అడుగుల రాయి, అనగా ఏడు కడీల ఖరీదు. ఆ కొద్ది పొదుపు కొరకు కంచె మొత్తమును, దాని వెనుకనున్న పైరును పందెమొడ్డుట తెలివైన పని కాదు.

లోతు సరిపోయినను మట్టి నింపుటలో అశ్రద్ధ చేసిన ఫలితముండదు. గుంతను అవసరమునకు మించి వెడల్పు చేయకూడదు. మట్టిని ఒక్కమారుగా పోయక ఆరంగుళముల వంతున పోసి, ప్రతి పొరను దిమ్మిసతో గట్టిగా కొట్టవలెను. మట్టి కొంచెము చెమ్మగా ఉండవలెను, బురద కారాదు. చివరకు మొదట చుట్టు మట్టిని ఎత్తుగా పోసిన నీరు నిలువదు. స్తంభములు నాటిన తరువాత మొదటి పెద్దవాన కురియగానే ఒక్కొక్క దానిని చేతితో నెట్టి చూడుడు. కదలిన దానిని అప్పుడే మరల దిమ్మిస వేయుడు.

మరియొక ముఖ్య విషయము. అడవిపందుల బెడదకు ఓర్వలేక కొందరు కంచె తీగకు లైను నుండి నేరుగా కరెంటు తగిలించుచున్నారు. ఇది నేరము. చీకటిలో నీరు కట్టుటకు వచ్చిన పొరుగువాని ప్రాణము, ఒక్కొక్కప్పుడు మీ ఇంటివారి ప్రాణమే దానికి బలియగును. ఎట్టి పరిస్థితులలోను ఆ పని చేయరాదు.

కడీలు బేరమాడుటకు పోకముందే గడ్డపార తీసికొని మీ చేనిలో నాలుగు చోట్ల మూడడుగులు త్రవ్వి చూడుడు. అడుగున ఏ నేల ఉన్నదో తెలిసిన తరువాతనే ఎన్ని అడుగుల రాయి కొనవలెనో నిర్ణయించుకొనుడు.