కోఠీ రెసిడెన్సీ: భవనముతోపాటు తోట



1956 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టములో మన ఊరి పేరున్నది. ఆదిలాబాదు జిల్లా బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలును, కిన్వట్ తాలూకాతోపాటు బొంబాయి రాష్ట్రమునకు చేర్చినది ఆ చట్టమే. అంతవరకు మన రాజధాని హైదరాబాదు. కావున అచ్చటి కోఠీలోని రెసిడెన్సీని గూర్చి ఇచట మాటలాడుట అసందర్భము కాదు.

1803 ప్రాంతమున రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దాని నిర్మాణమును ఆరంభించెను. వ్యయము నిజాముది, అధికారము కుంఫిణీది. ముందు ఎత్తైన స్తంభములు, మెట్లకు ఇరువైపుల సింహములు. ఇంతకంటె నా మనస్సును పట్టునది వెనుక తోటలోని చిన్న బొమ్మ మేడ. ఘోషాలోనున్న భార్య ఖైరున్నీసా భవనపు ముందుభాగమును చూడజాలదు గనుక ఆమెకై ఆ నమూనాను కట్టించెనని చెప్పుదురు. ఆమె నివసించిన రంగమహలు 19వ శతాబ్దముననే కూల్చబడినది. తోట ఉండబట్టి ఆ నమూనా మిగిలినది. తోటయే పోయినచో ఆ స్త్రీ జాడ ఎచట వెదకుదుము?

దొరల ఇల్లు మనకేల అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వమున జనము దాడి చేసినది ఈ ప్రాంగణము పైననే. గోడలు లేనిచో ఆ తిరుగుబాటును ఏ చోట చూపగలము? 1949 నుండి అచట ఆడపిల్లలు చదువుచున్నారు. నేడా మహిళా విశ్వవిద్యాలయము చాకలి ఐలమ్మ పేరును ధరించినది. ఇది నాకు మిక్కిలి సంతోషము.

2002లో ప్రపంచ స్మారకముల నిధి సంస్థ దీనిని ప్రమాదములోనున్న కట్టడముల జాబితాలో చేర్చినది. పిదప మరమ్మతులు జరిగినవి. మన మేస్త్రీలు గమనింపవలసినది ఒకటి కలదు. పాత గచ్చుగోడ చెమ్మను పీల్చి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపల చిక్కి గోడ గుల్లయగును. పగులులో మొలచిన రావిమొక్కను పైకి నరికిన చాలదు, వేరు తీయవలెను.

ఇక మన సంగతి. ఈ సర్కిలులోని పాత వాడలు, మెట్లబావులు, వాటి చుట్టునున్న చింతచెట్లు, మామిడిచెట్లు ఎన్ని? మరాఠీ, తెలుగు, గోండీ మాటలాడు పెద్దలనడిగి, ఒక్కొక్కదాని పేరు, హద్దు, యజమాని వివరము వ్రాసి పంచాయతీ కార్యాలయమున నిచ్చుటకు ఎవరు ముందుకు వత్తురో ఇప్పుడే తెలుపగోరెదను.