తొలకరి చుట్టాలు



పల్నాట తొలకరి వాన గట్టిగా పడిందంటే ఆ రాత్రి ఊరంతా బెకబెకలే. నిన్నటిదాకా నెర్రెలు విచ్చి ఉన్న నల్లరేగడి చేలలో ఇన్ని కప్పలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఆకాశం నుంచి రాలాయా అని పిల్లలు అడుగుతారు. రాలలేదండీ, మన కాళ్ల కిందే ఉన్నాయి. నరసరావుపేట, గురజాల, మాచర్ల ఎండలు మనకు తెలియనివా? ఆ ఎండకు తాళలేక చెమ్మ ఉన్న మట్టిలోకి దూరి, కదలకుండా వేసవి గడుపుతాయి.

బావురుకప్పల్ని చూశారా? తొలకరికి మగకప్ప నిమ్మపండులా పచ్చబడుతుంది, గొంతుకు రెండువైపులా నీలిబుడగలు పొంగుతాయి. ఆ బెకబెకలన్నీ మగవాటివే. ఆడకప్ప విని ఎంచుకుంటుంది!

గుడ్డులోంచి వచ్చేది కప్ప కాదు, మొప్పలతో బతికే తోకపిల్ల. క్రమంగా కాళ్లు మొలుస్తాయి, ఊపిరితిత్తులు తయారవుతాయి. తోక ఊడిపోదు, ఒంట్లోనే కరిగిపోతుంది. నీటిలోనూ నేలమీదా బతుకుతాయి గనకే ఉభయచరాలన్నారు. డార్జిలింగ్ కొండల్లో వీటి చుట్టం ఒకటుంది, పేరు న్యూట్. పెద్దయినా తోక పోదు, చూడటానికి బల్లిలా ఉంటుంది. న్యూట్లకు కాలు తెగితే మళ్లీ కాలు మొలుస్తుంది. మన కప్పకు పెద్దయ్యాక ఆ వరం లేదు.

ఇక అసలు సంగతి. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. గాలి కూడా కొంత చర్మం గుండానే. అందుకే నీటిలో విషం కలిస్తే దాని ఒంట్లోకి తేలిగ్గా దిగుతుంది. పత్తికీ మిరపకీ మందు కొట్టి, డబ్బాలు కుంటలో కడిగితే ఏమవుతుందో ఆలోచించండి. పురుగుల్ని తిని పంటను కాపాడే జీవాన్ని మనమే చంపుకుంటాం. కప్పకాళ్ల ఎగుమతిని ప్రభుత్వం 1987లో నిషేధించింది. కుంటలో విషాన్ని ఆపవలసింది మాత్రం మనమే.

డబ్బా కడిగిన నీళ్లు మందుపంపులోనే పోసి చేనుకే కొట్టించండి. మందు బట్టలు విడిగా, కుంటకు దూరంగా ఉతకండి. ఆ బట్టలు ఉతికేవి మన చేతులే కదా! ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయని పిల్లలు కప్పల్ని రాళ్లతో కొడుతుంటారు. పులిపిర్లు రావు, పొరపాటున తాకితే చేతులు కడుక్కుంటే చాలని చెప్పండి.

వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి అని ఇంటింటా నీళ్లు పోసిన ఆడవాళ్లం మనం. వాన వచ్చాక ఆ తల్లి కుంటలో విషం పోయకుండా ఉంటే అదే అసలైన పూజ.