అర్జీలో ఏమి అడగాలి?

 

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి అమలులో ఉన్నది. దానిని వాడుకొనేటప్పుడు మనవారు తరచుగా ఒకేచోట తడబడుతున్నారు. "మా షాదీ ముబారక్ దరఖాస్తును ఎందుకు ఆపినారు? ఇది న్యాయమా?" అని వ్రాస్తారు. చట్టం ఇప్పించేది కార్యాలయంలో ఉన్న కాగితాన్నే గాని, ఫైలులో లేని సంజాయిషీని కాదు. ఉద్యోగకాలమంతా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాగా చెబుతున్నాను, అటువంటి అర్జీని ఒక్క వాక్యంతో తిప్పి పంపవచ్చును. "నా దరఖాస్తుపై నేటివరకు నడిచిన నోటుఫైలు నకలు, అది ఏ తేదీన ఏ అధికారి వద్దకు చేరినదో తెలిపే రిజిస్టరు పుట నకలు ఇప్పించగలరు" అని వ్రాయండి. ఫైలు ఎవరి బల్లపై నిద్రించినదో ఆ తేదీలే చెబుతాయి.

కారణం చెప్పనక్కరలేదు. రుసుము గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఎక్కడా లేదు. ఆ ప్రాంతపు అధికార భాషలో అర్జీ ఇవ్వవచ్చునని చట్టమే చెబుతున్నది. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది కనుక, మన ఇళ్ళలోని పెద్దవారు ఉర్దూలో వ్రాసినా కాదనరాదు.

ఇక ఖబ్రస్తాన్ల సంగతి. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్ నుండి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వేరుపడినవి. "ఆ రికార్డు పాత జిల్లాలో ఉన్నది, అక్కడికి పొండి" అంటే వెనుదిరగవద్దు. 5 రోజులలో మీ అర్జీని అక్కడికి పంపి, మీకు తెలియజేయడం 6(3) ప్రకారం వారి బాధ్యతే. సర్వే నంబరు వేసి, వక్ఫ్ గెజిట్‌లోని ఆ పుటను, అదే నంబరుకు ఏటేటి పహాణీ నకళ్ళను అడగండి. పక్కపక్కన పెట్టి చూస్తే విస్తీర్ణం ఏ ఏట తగ్గినదో బయటపడుతుంది.

30 రోజులలో జవాబు రాకున్నచో మొదటి అప్పీలు, అప్పటికీ కాకున్నచో 90 రోజులలోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు. అయితే 2023 ఫిబ్రవరి నుండి రెండేళ్ళకు పైగా ఆ కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేరు. రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా అని చట్టంలో ఉన్నది. విధించేవారే లేనప్పుడు మా గుమాస్తాలకు భయమెందుకుంటుంది? 2025 మే నెలలో నియామకాలు జరిగినవి. ఆనాటి అప్పీళ్ళు నిలిచిపోయినవారు అప్పీలు నకలు, రిజిస్టర్డు పోస్టు రసీదు పట్టుకొని సభ ముగియగానే నా వద్దకు రండి. విచారణ తేదీ కోరుతూ లేఖలు ఇక్కడే కూర్చొని వ్రాద్దాం.