మనవాడి విమానం కాదు, మన ఊళ్ళకు విమానం కావాలి

(మంగళగిరిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో మన పాత్రికేయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



విమానాల గురించి మాట్లాడతానంటే ఇక్కడి పెద్దాయనొకరు నవ్వారు. "బస్సు చార్జీలకే దిక్కులేదు, మనకెందుకయ్యా విమానాల గొడవ?" అన్నారు. బాబాయ్, మీరు విమానం ఎక్కకపోయినా మీ పన్ను ఎక్కుతోంది. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూర్‌కు ఇండిగో విమానం మొదలైంది. ఖాళీ సీట్ల లోటు రాష్ట్ర ఖజానా పూడుస్తానని ఒప్పుకుంది. 2019 మధ్యకల్లా ఆ సర్వీసు ఆగిపోయింది. కనుక ఇది మన గొడవే.

2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయి దేశమంతా జనం విమానాశ్రయాల్లో పడిగాపులు కాశారు. దేశంలో పదిమంది విమానం ఎక్కితే తొమ్మిదిమందిని మోసేది ఇండిగో, ఎయిర్ ఇండియా గ్రూపులే. ఆ గొడవ జరిగిన నెలలోనే కేంద్ర మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కొత్త కంపెనీలకు అనుమతుల మాట చెప్పారు. వాటిలో ఫ్లై ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్‌ది. వెంటనే మనవాళ్ళు మొదలుపెట్టారు, 'తెలుగువాడి విమానం వస్తోంది' అని. రానివ్వండి, సంతోషమే. కానీ చప్పట్లు కొట్టేముందు ఎయిర్ కోస్టాను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఎయిర్ కోస్టా పక్కా విజయవాడ కంపెనీ. లింగమనేని వారి ఎల్ఈపీఎల్ గ్రూపుది. రాష్ట్రం ఇంకా విడిపోకముందే, 2013 అక్టోబరులో ఎగిరింది. రాజధాని ఎక్కడో తెలియని రోజుల్లో బెజవాడ పేరుతో ఒక విమానం జైపూర్‌లో, అహ్మదాబాద్‌లో దిగుతోందంటే మనకెంత గర్వం! హైదరాబాద్ లేకపోతే మీకేముందని ఎగతాళి చేసినవాళ్ళకు అదొక జవాబు అనుకున్నాం.

వాళ్ళు మొదట తెచ్చింది బ్రెజిల్‌లో తయారైన ఎంబ్రేయర్ ఈ-170, 67 సీట్లతో. ఇందులో ఒక తెలివైన లెక్క ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం 40 టన్నుల లోపు బరువున్న విమానానికి ఇంధనం మీద అమ్మకపు పన్ను 4 శాతమే. పెద్ద విమానాలకు కొన్ని రాష్ట్రాల్లో పాతిక శాతం పైనే ఉండేది. 80 సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ చార్జీ మినహాయింపు. చిన్న కంపెనీ బతకడానికి ఉన్న సందులు ఆ రెండే. ఈ-170 ఆ రెండింట్లోనూ పట్టింది.

తర్వాత వాళ్ళు 112 సీట్ల ఈ-190 మీదకు మళ్ళారు. సీట్లు పెరిగాయి గానీ ఆ రెండు రాయితీలూ దానికి వర్తించవు. పైగా 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోలో 50 కొత్త ఎంబ్రేయర్ విమానాలకు ఆర్డరు పెట్టారు. అప్పుడు నడుస్తున్నవి ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చు! పత్రికలన్నీ ఆ 50 అంకెనే పతాక శీర్షిక చేశాయి. మా వృత్తివాళ్ళకు పెద్ద అంకె కనపడితే ఒళ్ళు తెలియదు.

విమానం సొంతం కాదు, అద్దెది. అద్దె డాలర్లలో, టికెట్ రూపాయల్లో. రూపాయి పడిపోయినప్పుడల్లా, ఒక్క ప్రయాణికుడు తగ్గకుండానే నష్టం వస్తుంది. ఇక ఇంధనం. ఖర్చులో రూపాయికి దాదాపు నలభై పైసలు అదే తాగుతుంది. మన పానకాలస్వామి సగం తాగి సగం మనకే వదులుతాడు. ఇది చుక్క మిగల్చదు. మూడు విమానాలున్న కంపెనీకి ఒకటి మరమ్మతుకు ఆగితే మూడో వంతు సర్వీసులు రద్దు. వందల విమానాలున్నవాడికి అదొక లెక్కా? ఎంబ్రేయర్లు నడిపే మరో కంపెనీ అప్పుడు దేశంలో లేదు. వాటితోనే నడిచిన పారమౌంట్ 2010లోనే మూతపడింది. కాబట్టి విడి భాగం కావాలన్నా, పైలట్ కావాలన్నా కష్టమే.

2016 ఆగస్టులో విమానాలు అద్దెకిచ్చిన కంపెనీతో తగాదా వచ్చి సర్వీసులు ఒకసారి ఆగాయి. మళ్ళీ లేచాయి. 2017 ఫిబ్రవరి 28న పూర్తిగా ఆగాయి. ఉద్యోగాలు పోయాయి. దాదాపు రెండు నెలలకు, ఏప్రిల్ 27న, కేంద్రం ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరాయి. చిన్న ఊళ్ళకు నడిపే కంపెనీకి మూడేళ్ళు లోటు భర్తీ, ఆ రూటులో పోటీ లేకుండా రక్షణ. కోస్టా అడ్డం పడ్డ రెండు నెలలకు వైద్యుడు వచ్చాడన్నమాట.

వైద్యుడు వస్తే మాత్రం బతికేదా? ఆ రోజునే ఉడాన్ కింద హైదరాబాద్ నుంచి కడపకు ఎగిరింది ట్రూజెట్. అదీ తెలుగు గడ్డ మీద పుట్టినదే, హైదరాబాద్ కంపెనీ. నడిపింది ఏటీఆర్-72లు, పంకాల విమానాలు. జెట్ కన్నా చాలా తక్కువ ఇంధనం తాగుతాయి. గంట దూరానికి అవే సరైనవి. అయినా 2022 ఫిబ్రవరిలో అదీ నిలిచిపోయింది. ఒక్క కంపెనీ కథ కాదిది. ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో మొదలైనవే 371 అని 2023లో కాగ్ చెప్పింది. మూడేళ్ళ రాయితీ కాలం పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నిలిచినవి 54. మూడేళ్ళ ఊతకర్ర తీసేస్తే నడవలేని రూటుకు అసలు కర్ర ఎందుకిచ్చారు, ఇస్తే అప్పుడే ఎందుకు తీశారు?

పోటీ సంగతి కూడా చెప్పాలి. 2017 డిసెంబరులో ఇండిగో కూడా ఏటీఆర్‌లు దింపింది, అదీ హైదరాబాద్ నుంచే. చిన్నవాడు దారి వేస్తే పెద్దవాడు దాని మీద లారీ తోలుతాడు. దాన్ని తప్పు పట్టను, వ్యాపారమంటే అంతే. అందుకే కొత్త కంపెనీ గన్నవరం నుంచి హైదరాబాద్‌కు నడుపుతానంటే నాకు నమ్మకం లేదు. అక్కడ ఇండిగో ఉంది, కింద రోడ్డు మీద ఐదారు గంటల్లో చేర్చే బస్సుంది. శంషాబాద్‌లో దిగి ఊళ్ళోకి చేరేసరికి బస్సువాడు కాఫీ తాగుతుంటాడు.

బస్సూ రైలూ రాత్రంతా తినే దారులు వేరే ఉన్నాయి. 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. మొదటి సర్వీసులు బెంగళూరుకు, చెన్నైకి, విశాఖకు. సచివాలయం, హైకోర్టు ఉన్న ఈ వైపుకు అప్పుడు ఒక్కటీ వేయలేదు! అనంతపురం, శ్రీకాకుళం జిల్లా కేంద్రాలకు ఈ రోజుకీ విమాన సర్వీసు లేదు. అన్నీ హైదరాబాద్‌లోనే పోగుపడ్డాయని కదా 1972లో మన పెద్దలు, 2009 తర్వాత మనం 'జై ఆంధ్ర' అన్నది? విభజన చట్టం పదమూడో షెడ్యూలులో విశాఖ, విజయవాడ, తిరుపతి విమానాశ్రయాల విస్తరణ రాయించుకున్నాం. రన్‌వేల గురించి రాశారు గానీ వాటి మీద ఎవరు ఎక్కడికి ఎగరాలో రాయలేదు.

కాబట్టి కొత్త కంపెనీ ఎవరిదైనా, మనం అడగాల్సింది రాష్ట్ర ప్రభుత్వాన్ని. సింగపూర్ సీట్లకు ఇవ్వగలిగిన డబ్బు సీమ సీట్లకు, ఉత్తరాంధ్ర సీట్లకు ఇవ్వండి, అదీ కనీసం ఐదేళ్ళు. ఏటీఆర్ లాంటి పంకాల విమానాలకే ఇవ్వండి. ఒకటో రెండో విమానాలు రాత్రి గన్నవరంలోనే ఆగాలని షరతు పెట్టండి. తెల్లవారి ఇక్కడి నుంచి లేచే విమానమే ఉద్యోగికి పనికొస్తుంది. సాయం అందుకునే కంపెనీ కనీసం మూడు నెలల జీతాల సొమ్ము ముందుగా బ్యాంకులో విడిగా కట్టాలి. కంపెనీ మూసేసుకున్న రోజున పైలట్ నుంచి ట్రాలీ తోసే కుర్రాడి దాకా అందరికీ ఆ డబ్బు అందాలి.

ఇవన్నీ రాసిన వినతిపత్రం ఆ బల్ల మీద ఉంది. చదివి, జీతాల షరతు చాలదనుకున్నవాళ్ళు సంతకం పక్కనే ఎన్ని నెలలు కావాలో రాయండి. పౌర విమానయాన మంత్రికి ఒకటి, ముఖ్యమంత్రికి ఒకటి పంపుతున్నాం.